వేలికి తెలిసే యంత్రం
డాక్టర్ కాకర్ల సుబ్బారావు స్మారక ఉపన్యాసం, మధిర

స్మారకోపన్యాసానికి మామూలుగా ముందు వరసలో పెద్దలు కూర్చుంటారు. ఈసారి ఆ వరస సిస్టర్లకు ఇచ్చారు. నేను మాట్లాడబోయేది వాళ్ల చేతుల గురించే కాబట్టి నిర్వాహకులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

కాకర్ల సుబ్బారావు గారు 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. మనకు పరాయి ఊరేం కాదు. ఇక్కడ రైలెక్కి విజయవాడలో దిగితే సగం దారి గడిచినట్టే. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు, అమెరికాలో రేడియాలజీ నేర్చుకున్నారు, అక్కడే పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1985 తరవాత హైదరాబాదులో నిజామ్స్ సంస్థకు డైరెక్టరుగా వచ్చి, మన ఇళ్లల్లో 'నిమ్స్‌కు తీసుకుపోండి' అనే మాటకు ఒక బరువు తెచ్చారు. 2000లో పద్మశ్రీ వచ్చింది. 2021 ఏప్రిల్‌లో మనల్ని వదిలి వెళ్లారు.

ఆయన రేడియాలజిస్టు కావడం ఈ సాయంత్రం నాకు బాగా కలిసొచ్చింది. ఆయన తరం వాళ్లు ఈ విద్య నేర్చిన కాలంలో ఫ్లోరోస్కోపీ అంటే చీకటి గది. తెర మీద కదిలే బొమ్మ ఎంత మసకగా ఉండేదంటే, దాన్ని చూడడానికి డాక్టరు ముందుగా చాలాసేపు ఎర్ర కళ్లద్దాలు పెట్టుకుని కళ్లను చీకటికి అలవాటు చేసుకోవాల్సి వచ్చేది. బొమ్మను వెలుగుగా చూపించే ఇంటెన్సిఫయర్లు వచ్చాకే ఆ అద్దాలు పోయాయి. అంతదాకా డాక్టరు కళ్లు తెర మీద, కాలు పెడలు మీద, చెయ్యి మీట మీద. ఏ మీట ఎక్కడుందో చూసుకునే వీలు లేదు. వేలికి తెలియాల్సిందే. ఆ గదుల్లో దీపాలు వెలిగాయి గానీ, యంత్రాన్ని చూడకుండా నడపాల్సిన అవసరం మాత్రం వైద్యంలో ఎక్కడికీ పోలేదు. ఇవాళ నేను వాదించబోయేది అదే. వైద్య యంత్రం ప్యానెల్‌ని ముందు వేలి కోసం తయారుచేయాలి, కంటి సంగతి తరవాత. అది ఎవరూ నేర్పకుండానే పట్టుబడాలి. చదువు తక్కువ వాళ్ల మీద జాలితో ఈ మాట అనడం లేదు. రోగి ప్రాణానికి సంబంధించిన లెక్క ఇది.

1

కొనేవాళ్లు వేరు, వాడేవాళ్లు వేరు. కొనే చోట ఏసీ గది, మంచి వెలుతురు, బల్ల మీద కొత్త యంత్రం, పక్కన ఇస్త్రీ చొక్కాలో కంపెనీ మనిషి. వాడే చోట రాత్రి రెండున్నర, నవజాత శిశువుల వార్డు, ఒకే సిస్టరు, వరసగా వార్మర్లు.

వార్మర్ సంగతి తెలియని వాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. పైనున్న హీటరు వెచ్చబెడుతుంది. పొట్ట మీద అంటించిన చిన్న ప్రోబు బిడ్డ ఒంటి వేడి ఎంతో యంత్రానికి చెబుతూ ఉంటుంది. సర్వో పద్ధతిలో 36.5 డిగ్రీలు పెడితే, ప్రోబు చెప్పినదాన్ని బట్టి హీటరు తనే తగ్గుతుంది, తనే పెరుగుతుంది. మాన్యువల్ పద్ధతిలో ప్రోబు మాట హీటరు వినదు, పెట్టినంత మండుతూనే ఉంటుంది. ఇక సర్వోలో ఉండగా ప్రోబు ఊడి పక్కన పడిందనుకోండి. పక్కనున్న చల్లగాలిని బిడ్డ ఒళ్లు అనుకుని యంత్రం ఇంకా ఇంకా వేడి పెంచుతుంది. మంచి యంత్రాలు అప్పుడు అలారం కొడతాయి. అలారం ఆపే బటన్ నొక్కితే చాలా యంత్రాల్లో రెండు నిమిషాలు నోరు మూసుకుంటాయి. ఆ రెండు నిమిషాల్లో సిస్టరుకు పక్క బిడ్డ ఊపిరి చూడాల్సి రావచ్చు.

ఇప్పుడు ఆ ప్యానెల్ చూడండి. సర్వోకీ మాన్యువల్‌కీ కలిపి ఒకటే బటన్. నొక్కినప్పుడల్లా అటూ ఇటూ మారుతుంది. ఇప్పుడు ఏది నడుస్తోందో చెప్పడానికి ఆవగింజంత లైటు. ఆ బటన్ పక్కనే, అదే సైజులో, అదే నునుపుతో అలారం ఆపే బటన్. ఇలాంటి ప్యానెళ్లు నేను చాలాచోట్ల చూశాను, ముందు వరసలో తలలూపుతున్న వాళ్లను బట్టి మీరూ చూశారని తెలుస్తోంది. ఆ ఒక్క బటన్ స్థానంలో రెండు స్థానాల మీట పెడితే ఎలా ఉంటుంది? పైకి ఉంటే సర్వో, కిందికి ఉంటే మాన్యువల్. సిస్టరు దుప్పటి సర్దుతూ, ప్యానెల్ వైపు తిరగకుండానే, చేత్తో ఒకసారి తడిమితే యంత్రం ఏ స్థితిలో ఉందో తెలుస్తుంది. కరెంటు పోయి వచ్చినా మీట ఎక్కడుందో అక్కడే ఉంటుంది. బటన్ నొక్కగానే మారే స్థితి ఎలక్ట్రానిక్ జ్ఞాపకంలో ఉంటుంది. మీట చెప్పే స్థితి వేలికింద ఉంటుంది. మన ప్రాంతంలో కరెంటు ఎలా పోతుందో, ఎలా వస్తుందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

2

ప్యానెల్ డిజైన్ చేసే కుర్రవాళ్లు నా దగ్గరికి వస్తే ఒకటే చెబుతాను. ముందు వార్డుకు వెళ్లి యంత్రాల మీద అంటించిన ప్లాస్టరు ముక్కలు చదవమంటాను.

ఇంటర్నెట్‌లో దొరకని గ్రంథం అది. తెల్ల ప్లాస్టరు మీద బాల్‌పెన్నుతో 'ఇది ముందు', 'రెండు సార్లు నొక్కాలి', 'ముట్టుకోవద్దు'. సక్షన్ మిషన్ మీద బాణం గుర్తు, ఎటు తిప్పితే లాగుడు పెరుగుతుందో చెప్పడానికి. మానిటరు మీద 'గట్టిగా', ఎందుకంటే బటన్ పొర అరిగిపోయి మామూలుగా నొక్కితే పలకదు. ప్రతి ముక్కా ఒక సిస్టరు మరో సిస్టరుకు రాసిన ఉత్తరం. కంపెనీ వదిలేసిన పని ఎక్కడుందో ప్లాస్టరు అక్కడే ఉంటుంది. డిజైనర్లు దాన్ని మురికి అనుకుని చూపు తిప్పుకుంటారు. తనిఖీకి పెద్దలు వస్తున్నారంటే ముందు పీకేసేవీ అవే. దయచేసి పీకకండి. ఫొటో తీసి తయారీదారుకు పంపండి.

డిజైనరు వార్డుకు వెళితే ఏం జరుగుతుందో చెప్పడానికి నిమ్స్ కథే ఉంది. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం అబ్దుల్ కలాం గారు అక్కడే చూశారు. క్షిపణుల కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్లు చేయించారు. ఆ సంగతి ఆయన ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. పదార్థం అంతకుముందే ఆయన ప్రయోగశాలలో ఉంది. ఎముకల డాక్టరు తీసుకెళ్లి పిల్లల్ని చూపించేదాకా దానికి ఆ ఉపయోగం తట్టలేదు.

ప్లాస్టరు మీద రాయలేనివీ కొన్ని ఉంటాయి. తెర మీద 'ఈ-03' అని వస్తుంది. దాని అర్థం మాన్యువల్లో ఉంటుంది, మాన్యువల్ స్టోరు రూములో, స్టోరు తాళం క్లర్కు దగ్గర. ఇలాంటి సందేశం ఎంత ప్రమాదమో చూడండి. 1985, 1987 మధ్య కెనడా కంపెనీ తయారుచేసిన థెరాక్-25 అనే రేడియేషన్ యంత్రం ఆరు సందర్భాల్లో రోగులకు విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. అసలు తప్పు సాఫ్ట్‌వేరుది. పాత నమూనాల్లో ఉండే యాంత్రిక రక్షణలను ఇందులో తీసేశారు కూడా. కానీ ఆపరేటరుకు తెర మీద కనిపించింది 'మాల్‌ఫంక్షన్ 54' లాంటి రెండు ముక్కలే. అలాంటి సందేశాలు రోజూ వచ్చేవి. 'పి' అనే అక్షరం నొక్కితే పని ముందుకు సాగేది, అందరూ అలాగే నొక్కేవాళ్లు. చెప్పవలసింది చెప్పని యంత్రం, విననవసరం లేదని మనిషికి నేర్పుతుంది. వార్డులో అలారాల గతీ ఇప్పుడు అదే.

3

వేలికి ఆకారం తెలుస్తుందని ఆసుపత్రుల కన్నా ముందు విమానాలు గుర్తించాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగిన తరవాత నేలమీద చక్రాలు ముడుచుకుని కూలబడుతుండేవి. పైలట్లను తిట్టారు, శిక్షణ పెంచారు. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాక్‌పిట్‌లో చూస్తే, రెక్కల ఫ్లాపుల స్విచ్చు, చక్రాల స్విచ్చు పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు రెక్కలాంటి ముక్క తగిలించాడు. ఇవాళ్టి విమానాల్లోనూ చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది.

మన ఆపరేషన్ థియేటర్లలోనూ ఈ తెలివి ఒక చోట ఉంది. మత్తు డాక్టర్లకు తెలుసు. మత్తిచ్చే బాయిల్స్ మెషిన్‌లో ఆక్సిజన్ నాబ్ మిగతా నాబుల కన్నా పెద్దది, కొంచెం ముందుకు పొడుచుకొచ్చి, అంచు చుట్టూ లోతైన గాడులతో ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్ నాబ్ మీద ఆ గాడులు ఉండవు. రోగి ముఖం మీంచి కళ్లు తిప్పకుండానే చెయ్యి ఆక్సిజన్‌ని వెతుక్కోవాలి కాబట్టి. సిలిండర్ దగ్గరా అంతే. నలుపు మీద తెల్లభుజం ఆక్సిజన్, నీలం నైట్రస్ అని రంగులున్నా, రంగుని నమ్ముకోకుండా పిన్నుల స్థానాలు వేరు చేశారు. ఆక్సిజన్‌కి 2, 5 స్థానాలు, నైట్రస్‌కి 3, 5. ఒకటి పట్టే చోట ఇంకోటి పట్టదు. మత్తు ఇచ్చేటప్పుడు పొరపాటు జరిగితే రోగి నిమిషాల్లో పోతాడు, అందుకే అక్కడ నియమం గట్టిగా వచ్చింది. వార్డుల్లో పొరపాటుకు రోగి నెమ్మదిగా పోతాడు. అందుకే అక్కడ నియమం ఇంకా రాలేదు.

4

ఇదంతా విమానాలకూ విదేశాలకూ సంబంధించిన పని, మన నర్సులకూ పల్లె ప్రజలకూ పనికొచ్చేలా ఎవరు చేస్తారు అని అడిగేవాళ్లున్నారు. చేసి చూపించినవాళ్లు హైదరాబాదులోనే ఉన్నారు. మీలో ప్రతి ఒక్కరూ ఆ ప్యానెల్ మీద వేలు పెట్టారు కూడా, మొన్నటి ఎన్నికల్లో.

అక్కడి ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ 1967లో పుట్టింది. మొగల్లు గ్రామం నుంచి వచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు దానికి తొలి సారథి. ఎన్నికల సంఘం ఓటింగు యంత్రం ఆలోచనను అప్పగించింది ఈ సంస్థకే. 1979లో నమూనా తయారైంది. తరవాత బెంగళూరు బీఈఎల్ కూడా చేరింది. బయటి రూపాన్ని బొంబాయి ఐఐటీలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ ఆచార్యులు ఏ.జి. రావు, రవి పూవయ్య తీర్చారు. 2004 నాటికి దేశంలోని అన్ని లోక్‌సభ నియోజకవర్గాల్లో అదే యంత్రం. యంత్రం మీద రాజకీయ వాదాలు మీకు తెలిసినవే, ఆ జోలికి పోను. నాకు కావాల్సింది ప్యానెల్.

దాని మీద ఏముంది? నిలువుగా ఒకటే వరస, పదహారు నీలం బటన్లు. పక్కన పేరు, గుర్తు. అధికారి తన దగ్గర 'బ్యాలెట్' బటన్ నొక్కితే పచ్చలైటు వెలుగుతుంది, అంటే యంత్రం సిద్ధం. బటన్ లోపలికి దిగడం వేలికి తెలుస్తుంది, ఎర్రలైటు కంటికి తెలుస్తుంది, బీప్ చెవికి తెలుస్తుంది. ఒకే కబురు మూడు దారుల్లో. రెండోసారి నొక్కినా ఏమీ కాదు. బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటుతో పనిలేదు. ఇందులో మెనూ లేదు, 'మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి' లేదు, ఒకే బటన్‌కి రెండు అర్థాలు లేవు. ఎనభై ఏళ్ల మామ్మ లోపలికి వెళ్లి, ఎవరి సాయమూ లేకుండా పని ముగించుకుని వస్తుంది. ఎవరైనా ఆమెకు శిక్షణ శిబిరం పెట్టారా?

అంధుల కోసం బ్రెయిలీ గుర్తులు పెట్టిన తొలి ప్రయోగం కూడా మన నేల మీదే జరిగింది. 2004లో హైదరాబాదు ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో. మరుసటి ఏడాది బీహార్, జార్ఖండ్, హర్యానా ఎన్నికల్లో కొన్నిచోట్ల చూశారు, 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతా వచ్చింది. ప్రతి బటన్ పక్కన కుడివైపు వరస సంఖ్య బ్రెయిలీలో ఉంటుంది. ఒక నియోజకవర్గంలో చూసి, తప్పొప్పులు తెలుసుకుని, ఐదేళ్లలో దేశమంతటికీ తీసుకెళ్లారు. మన ఆసుపత్రుల యంత్రాల్లో ఏ ఒక్కదాన్నీ ఇంత ఓపిగ్గా పరీక్షించడం నేను చూడలేదు.

నన్నడిగితే ఆ ప్యానెల్లో బ్రెయిలీ కన్నా గొప్ప సంగతి ఒకటుంది. బటన్లు ఒకే నిలువు వరసలో, సమాన దూరంలో ఉన్నాయి. బ్రెయిలీ రానివాళ్లు కూడా పై నుంచి ఒకటి, రెండు, మూడు అని తడిమి లెక్కపెట్టుకోవచ్చు. అమరికే ఒక లిపి. ఇది మనసులో పెట్టుకోండి, తరవాతి మాట దీని మీదే.

5

షుగర్ వ్యాధి ముదిరితే కొందరికి చూపు తగ్గుతుంది. అదే వ్యాధి వేలి కొసల స్పర్శనూ తగ్గిస్తుంది, పైగా రోజూ సూదితో గుచ్చీ గుచ్చీ కొసలు గట్టిపడతాయి. బ్రెయిలీ చుక్క ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. యాభై దాటాక చూపు పోయిన షుగర్ రోగికి ఆ చుక్కలు నేర్చుకోవడం కష్టం, నేర్చుకున్నా వేలికి సరిగా తెలియకపోవచ్చు. స్పర్శకు అందే ప్యానెల్ అనగానే బ్రెయిలీ ముద్రించి చేతులు దులుపుకునే వాళ్లకు ఈ మనిషిని చూపించాలి. అతని గ్లూకోమీటరుకు కావాల్సింది పెద్ద ఆకారాలు. గుండ్రని గుంట మొదలుపెట్టడానికి, ఉబ్బెత్తు గీత ఆపడానికి, స్ట్రిప్ పెట్టే చోట వేలు జారి దానంతటదే లోపలికి దిగే లోయ. బటన్ల ఫోను మీద 5 అంకె పైన చిన్న బుడిపె ఉంటుంది, గమనించారా? ఆ ఒక్క బుడిపెతో మిగతా అంకెలన్నీ దొరుకుతాయి.

ఇన్సులిన్ దగ్గర పరిస్థితి మరీ ఘోరం. మన దేశంలో సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. ఎరుపు, నారింజ! గుడ్డి లైటులో చూపున్న వాళ్లకే తేడా తెలియదు. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. రెండు మూతలకు రెండు ఆకారాలు పెట్టడానికి కంపెనీకయ్యే ఖర్చు ఎంతో ఒకసారి ఆలోచించండి.

ఓటింగు యంత్రంతో వైద్య యంత్రాన్ని పోలిస్తే ఒక అభ్యంతరం న్యాయమైనదే. ఓటరు ఒక్కసారి ఎంచుకుని వెళ్లిపోతుంది, సిస్టరు అంకెలు ఎక్కించాలి. అంకెల దగ్గరే పొరపాట్లు పుడతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు 2005 నుంచి 2009 దాకా ఇన్‌ఫ్యూజన్ పంపుల మీద సుమారు 56,000 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నమోదు కావడం. 10 కాస్తా 100 అవుతుంది. తెర మీద పొరపాటున చుక్క పడకపోతే 2.5 కాస్తా 25. నా సలహా ఏమిటంటే, చిన్న ఆసుపత్రులు వాడే పంపులకు అంకెల పలక వద్దు. పైకి, కిందికి పెద్ద బటన్లు చాలు, లేదా ప్రతి అడుగుకూ 'టక్'మని వేలికి తెలిసే నాబ్. మన మిక్సీ నాబ్ ఒకటి, రెండు, మూడు అని ఎలా కూర్చుంటుందో అలా. అంకె నెమ్మదిగా పెరుగుతుంది, అదే దాని మంచితనం. పదింతల తప్పు చేయాలంటే వేలికి పదింతల శ్రమ అవుతుంది.

6

చివరిది, డబ్బు సంగతి. టచ్‌స్క్రీన్ వచ్చాక తయారీదారు ప్రాణానికి హాయి. ఒకటే గాజుపలక, బటన్లన్నీ సాఫ్ట్‌వేరులో గీస్తే సరి, రేపు మార్చుకోవచ్చు. కానీ గ్లవ్స్ మీద జెల్ ఉంటే పలకదు, తడి చేతికి తప్పుగా పలుకుతుంది, వేలికి అంతా ఒకటే నునుపు. తయారీలో మిగిలిన ఖర్చు వార్డులో సిస్టరు శ్రద్ధగా మారుతుంది. దానికి బిల్లు ఎవరూ వేయరు. తెర పూర్తిగా వద్దనను. వివరాలు చూడడానికి తెర బాగుంటుంది. మొదలుపెట్టడం, ఆపడం, అలారం, మోతాదు, ఈ నాలుగూ మాత్రం ఉబ్బెత్తు బటన్లుగా, నాబులుగా బయటే ఉండాలి. పొర కింద లోహపు డోమ్ ఉన్న మెంబ్రేన్ బటన్ వేలికి 'టిక్'మని చెబుతుంది, స్పిరిట్‌తో తుడిచినా పాడవదు. ఇదేమీ కొత్త విద్య కాదు.

విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ఉంది, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. యంత్రాలు ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనే తయారవుతున్నాయి. అలాంటప్పుడు ప్యానెల్ పరీక్ష మధిరలో ఎందుకు జరగకూడదు? భద్రాచలం ఏజెన్సీలో ఎందుకు జరగకూడదు? అక్కడ కోయ మాట్లాడే అవ్వకు తెలుగులో పలికే యంత్రం కూడా పరాయిదే, వేలికి తెలిసే ఆకారం కాదు.

కొనుగోలుకు ముందు ఒక పరీక్ష పెట్టండి. ఆ యంత్రాన్ని ఎప్పుడూ చూడని సిస్టరును, ఏఎన్‌ఎంను, రోగి ఇంటి మనిషిని ఒక్కొక్కరినీ పిలవండి. కంపెనీ మనిషి బయట టీ తాగాలి. తడిసిన గ్లవ్స్ వేయించండి, దీపం తగ్గించండి. మొదలుపెట్టమనండి, మోతాదు 5కి పెట్టమనండి, అలారం ఆపమనండి, ప్లగ్ పీకి మళ్లీ పెట్టి యంత్రం ఏ స్థితిలో ఉందో చెప్పమనండి. ఎంతసేపట్లో చేశారన్నది అంత ముఖ్యం కాదు. వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి. అరిగిపోయిన ప్యానెల్ పొర విడిభాగంగా దొరుకుతుందని, ధర ఎంతో, కొనుగోలు పత్రంలోనే రాయించుకోండి. లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ ప్లాస్టరే.

మొదటి పరీక్షకు నేనైతే ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరును ఎంచుకుంటాను. 2021 కోవిడ్ రెండో వేవ్‌లో రకరకాల దేశాల నుంచి వచ్చి పడ్డాయి, ఏ రెండిటి ప్యానెలూ ఒకలా లేదు. చాలావాటిలో ఫ్లో నాబ్‌ను ఎడమకు తిప్పితే పెరుగుతుంది, అంకె తెలియాలంటే వంగి గోళీ మధ్య భాగం ఏ గీత దగ్గర ఉందో చూడాలి. ఆ నాబ్‌కు అడుగడుక్కీ 'టక్' ఉంటే, ఇంట్లో తాతకు ఆక్సిజన్ పెట్టే మనవరాలు వంగక్కర్లేదు. ఆ యంత్రాలు ఆసుపత్రిలోనే కాదు, ఈ చుట్టుపక్కల ఇళ్లలోనూ ఉన్నాయి కాబట్టి పరీక్షకు మనుషుల్ని వెతుక్కునే పని లేదు.

ఇక ప్రశ్నలు. ముందు సిస్టర్లు అడగండి, డాక్టర్ల వంతు తరవాత.